నూజివీడు ట్రిపుల్ ఐటీ పూర్వ విద్యార్థులకు ఒక మాట

హనుమాన్ జంక్షన్‌లో హైవే బస్సు దిగి, నూజివీడు బస్సు కోసం నిలబడ్డ పిల్లల్ని మీరూ చూసే ఉంటారు. పక్కన ట్రంకుపెట్టె, ప్లాస్టిక్ బకెట్, చేతిసంచీతో అమ్మ. పదో తరగతి అప్పుడే గట్టెక్కిన ఆ పిల్లలు వెళ్లేది ట్రిపుల్ ఐటీకి, ఆరేళ్ల చదువుకి.

2008లో ఇడుపులపాయ, బాసరలతో పాటు నూజివీడులోనూ ఈ క్యాంపస్ మొదలైంది. పల్లెటూరి పిల్లలకు పదో తరగతి మార్కుల మీద సీటివ్వాలన్నదే దాని ఉద్దేశం. సర్కారు బడిలో చదివినవాళ్లకు కొంత అదనంగా కలుపుతారు కూడా. మొదటి బ్యాచ్ 2014లో బయటికొచ్చింది. కూలి చేసుకునే ఇళ్ల నుంచి, కౌలు రైతుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇంజినీర్లయ్యారు. మామిడికి పేరుపడ్డ ఈ నేలకి అంతకన్నా గర్వకారణం నాకు కనిపించదు.

ఆ పూర్వ విద్యార్థులనే అడుగుతున్నాను. సాయమంటే డబ్బొక్కటే కాదు. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తడబడి నోరు మెదపలేని అమ్మాయికి నెలకో గంట ఫోన్లో ప్రాక్టీసు చేయించండి. మీ కంపెనీలో ఇంటర్న్‌షిప్ ఉంటే జూనియర్ల చెవిన వేయండి.

డబ్బే పంపదలిస్తే రిజిస్టరైన సంఘం ఖాతాకే పంపి, రసీదు తీసుకోండి. విదేశాల్లో ఉన్నా భారత పౌరులైతే, మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే మాత్రం వస్తుంది. అలాంటప్పుడు సంఘానికి విదేశీ విరాళాలు తీసుకునే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి.