ఖండన వ్రాసిన చేయి

(శ్రీశైలంలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పత్రికా స్వేచ్ఛ, తప్పుడు వార్తల నియంత్రణ అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారి ఆజ్ఞ. నేను వకీలును కాను, విలేకరిని కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు నడిపిన గుమాస్తాను.

డ్యాం మన పక్కనే ఉంది గనుక 2009 అక్టోబరు 2తో మొదలుపెడతాను. ఆ రోజు కర్నూలు మునిగింది. శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. డ్యాం కట్టినప్పుడు వేసుకున్న లెక్క 19 లక్షలు. పూర్తి మట్టం 885 అడుగులైతే నీరు 896 దాటింది. నేను అప్పటికి రిటైరై సున్నిపెంటలోనే ఉంటున్నాను. రాత్రి విజయవాడ నుంచి మా వియ్యంకుడు ఫోను చేసి "బావగారూ, డ్యాం తెగిందట గదా, టీవీలో చెప్పారట" అన్నాడు. ఆయన చూడలేదు, ఎవరో చూశారట. బయటికి వచ్చి చూస్తే గేట్ల హోరు తప్ప ఏమీ లేదు. తెగలేదని చెప్తే నమ్మడే! అప్పటికే ముసలి తల్లిని రిక్షాలో ఎక్కించి బంధువుల మేడకు పంపాడు. ఆమె మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత లేచి నడవలేదు.

కాబట్టి అబద్ధపు వార్త వల్ల ఏమవుతుందిలే అనేవారితో నేను ఏకీభవించను. మరి దానికి మందేమిటి?

మన రాష్ట్రంలో దొరికిన మందు జీ.వో. 2007 ఫిబ్రవరిలో 938వ నంబరు జీ.వో., 2019 అక్టోబరులో 2430వ నంబరు జీ.వో. వచ్చాయి. రెండింటి సారాంశమూ ఒకటే, తప్పుడు వార్త వ్రాసినవారి మీద ప్రభుత్వాధికారులే కేసు పెట్టవచ్చునని. రాజ్యాంగం 19వ అధికరణం రెండవ క్లాజులో వాక్ స్వాతంత్ర్యానికి పరిమితులున్నాయి. పరువు నష్టం ఉంది, శాంతిభద్రతలు ఉన్నాయి, కోర్టు ధిక్కారం ఉంది. అబద్ధం అన్న మాట మాత్రం విడిగా లేదు. తనను గురించిన వార్తల్లో ఏది అబద్ధమో తేల్చడానికి కేంద్రం 2023లో నిబంధన తెస్తే, 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. ఫిర్యాదుదారూ తానే, తీర్పరీ తానే అయితే ఎట్లా?

ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఇది చెప్పడానికే ఒప్పుకున్నాను.

1986 ఎండాకాలం. ఏ ఆఫీసో చెప్పను, నేను అందులో యు.డి.సి.ని. ఒక పల్లెలో చేతిబోరు చెడి రెండు నెలలైందని, ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి వాగులో చెలమ నీళ్ళు తెస్తున్నారని పేపర్లో వచ్చింది. మా అధికారి పిలిచి ఖండన వ్రాయమన్నారు. "సదరు వార్త నిరాధారము, సత్యదూరము. బోరు సక్రమముగా పనిచేయుచున్నది" అని డ్రాఫ్టు పెట్టాను. బాగుందన్నారు. ఆ బోరుకు పైపులు కావాలని వచ్చిన ఇండెంటు అప్పటికి నలభై రోజులుగా నా టేబుల్ మీదే ఉంది. ఖండన అచ్చయింది. విలేకరిని పత్రికవారు మార్చేశారు. నాకేమీ కాలేదు, మరుసటేడు ఇంక్రిమెంటు కూడా వచ్చింది.

ఆనాడు 938 లాంటి జీ.వో. ఉంటే ఆ పిల్లవాడు కోర్టు మెట్లెక్కేవాడు, సాక్ష్యంగా నా ఖండనే పెట్టేవారు.

పత్రికలు సత్యహరిశ్చంద్రులని నేననను. డి.ఏ. విడుదలయిందని మొదటి పేజీలో చదివి ట్రెజరీకి పోయి ఉత్తచేతులతో వచ్చినవాళ్ళం ఇక్కడ ఎందరమో. తప్పు మొదటి పేజీలో వేసి, సవరణ లోపలి పేజీలో చీమతలకాయంత వేస్తారు. తప్పు ఎక్కడ వేశారో సవరణా అక్కడే వేయాలని చట్టం చేస్తే నేను సంతకం పెడతాను. ప్రెస్ కౌన్సిల్ మందలించగలదే తప్ప మరేమీ చేయలేదు, పైగా టీవీలు దాని పరిధిలో లేవు. అది సరిచేయండి. వదంతి పుట్టించి జనాన్ని పరుగెత్తించినవాడి మీద కేసు పెట్టడానికి సెక్షన్లు ముందునుంచీ ఉన్నాయి. కానీ నిజమో కాదో తేల్చేది కోర్టు కావాలి, ఆఫీసు కాకూడదు.

ఆ రాత్రి మా వియ్యంకుడికి కావలసింది జీ.వో. కాదు. ఇన్ని అడుగులు, ఇన్ని క్యూసెక్కులు, డ్యాం క్షేమం అని గంటకొకసారి బాధ్యుడైన ఇంజనీరు పేరుతో రేడియోలో చెప్పి ఉంటే ఆ తల్లి ఇంట్లోనే ఉండేది.

ఆ విలేకరి చాన్నాళ్ళకు నంద్యాల బస్టాండులో కనబడ్డాడు. "సార్, ఆ బోరు బాగైందా?" అని అడిగాడు. మూడు నెలలకు పైపులు పంపామన్నాను. ఖండన వ్రాసింది నేనేనని చెప్పలేకపోయాను. ఇవాళ మీకు చెప్పాను.

భోజనాలు సిద్ధమని సత్రం వారు సైగ చేస్తున్నారు. సెలవు.