కాలు తీసినా ఉరికే ఇంజను



చేవెళ్ల నుంచి మొయినాబాద్ మీదుగా పట్నం పోయే రోడ్డు మీకు తెలుసు. మర్రిచెట్లకు పేరుపడిన రోడ్డు. తెల్లవారకముందే ఆ రోడ్డు మీద టమాట, ఆకుకూర, పూలు పోతుంటాయి. బండి సంగతి మగవాళ్లదే అంటారు. మరి బండి ఆగితే కుళ్లిపోయే టమాట ఎవరిది?

ఒక అక్క సంగతి అనుకుందాం. ఆమె ఇంట్లో పాత మారుతీ ఓమ్ని వ్యాను ఉంది. ఈ వ్యాన్ల తయారీ 2019లో ఆగిపోయింది. రోడ్ల మీద ఇంకా తిరుగుతున్నాయి. పెనిమిటి నడుపుతాడు. ఆమె పక్కన కూర్చుంటుంది. ఒకనాడు మొయినాబాద్‌లో బండి ఆపారు. ఇంజను గుయ్యిమని అరుస్తూనే ఉంది.

"ఏందయ్యా, కాలు తీసినవు కదా?"

"రేసు తగ్గుతలేదు. ఇస్క్రూ తిప్పిస్తే సరిపోతది."

మెకానిక్ స్క్రూ తిప్పాడు. పైసలు తీసుకున్నాడు. నాలుగు రోజులు బాగుంది. మళ్లీ అదే అరుపు. మళ్లీ తిప్పుడు, మళ్లీ పైసలు.

పెట్రోలు దండుగ ఒక్కటే కాదు. క్లచ్చు వదలగానే బండి ముందుకు దూకుతుంది. అప్పుడు ముందర పిల్లలు రోడ్డు దాటుతుంటే?

అసలు ఇంజను ఎందుకు ఉరుకుతుంది? కట్టెల పొయ్యి గుర్తు చేసుకోండి. గొట్టంతో ఊదితే మంట లేస్తుంది. ఆపితే తగ్గుతుంది. ఇంజను కూడా గాలి పీలుస్తుంది. గాలి పోయే దారిలో చిన్న రేకు తలుపు ఉంటుంది. కాలితో తొక్కితే ఒక తీగ ఆ తలుపును తెరుస్తుంది. కాలు తీస్తే స్ప్రింగు మూస్తుంది. వేడెక్కిన కారు ఇంజను అప్పుడు నిమిషానికి దాదాపు 700 నుంచి 900 చుట్లు తిరగాలి. 1500 తిరుగుతోందంటే తలుపు సరిగ్గా మూసుకోలేదు, లేదా గాలి దొంగదారిన పోతోంది. చుట్లు చూపే మీటరు లేకపోయినా చెవికి తెలుస్తుంది.

పొద్దున చలికి కాసేపు ఎక్కువ తిరగడం మామూలే. వేడెక్కాక చూడాలి. తలుపులు వేసిన కొట్టంలో మాత్రం ఇంజను నడపొద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన ఉండదు. ప్రాణం తీస్తుంది.

మూడోసారి ఆ అక్క తానే మెకానిక్ దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఇస్క్రూ ముట్టకు. ఎందుకు పెరుగుతుందో ముందుగాల చూడు."

చోక్ గుండీ లోపలికే ఉంది. కాళ్ల కింద పట్టా పెడలుకు అడ్డం లేదు. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు లేపారు. ఆమె కొంగు నడుముకు దోపి, జడ వెనక్కి వేసుకుంది. తిరిగే బెల్టుకు కొంగు చిక్కితే మనిషినే గుంజుతుంది. ఇంజను నడుస్తుండగా మెకానిక్ తీగ తగిలించిన మీటను వెనక్కి నెట్టాడు. అరుపు ఆగింది!

తీగలో ఒక పోగు తెగి, గొట్టంలో ఇరుక్కుంటోంది. ఒకనాడు జారేది, ఒకనాడు ఆగేది. జారిన రోజున స్క్రూ పనిచేసిందని అందరూ అనుకున్నారు.

మీట నెట్టినా తగ్గకపోతే? రబ్బరు గొట్టాలు చూడాలి. పగిలిన గొట్టం సన్నగా బుస్సుమంటుంది. కొందరు పెట్రోలు చిలకరించి చూస్తారు. అది వద్దే వద్దు. వేడి ఇంజను మీద భగ్గుమంటుంది. కొత్త బండ్లలో వేడిని కనిపెట్టే సెన్సరు ఉంటుంది. అది చెడి, ఇంజను చల్లగా ఉందని చెప్పినా రేసు పెరుగుతుంది. దానికి మిషను పెట్టి చూసే మెకానిక్ కావాలి.

తీగ మార్చారు. ఇంజను గుటుక్కున ఆగిపోయింది! రెండుసార్లు వెనక్కి తిప్పిన స్క్రూ కదా. ఇప్పుడు దాన్ని సరిచేశాడు. స్క్రూ పని చివరిది. మొదటిది కాదు.

నడిరోడ్డు మీద తీగ ఇరుక్కుంటే ఏం చేయాలో కూడా ఆమె అడిగింది. బ్రేకు, క్లచ్చు గట్టిగా తొక్కాలి. గేరు న్యూట్రల్‌లో వేయాలి. బండిని పక్కకు ఆపాలి. ఆ తరువాతే తాళం కట్టేయాలి. ఉరికే బండిలో తాళంచెవి గుంజితే స్టీరింగు బిగుసుకుపోవచ్చు.

ఇంటికి వచ్చి ఆమె ఒక చీటీ రాసింది. "బ్రేకు, క్లచు, న్యూట్రల్, పక్కకు, తాళం." స్టీరింగు పక్కన అతికించింది. ఒక వత్తు పోయింది. పెనిమిటి మాత్రం గడగడా చదివాడు.