సెమిస్టరు ముగిసి ఇల్లు చేరువేళ



ఏప్రిల్ నెలలో కళాశాలలయందు సెమిస్టరు పరీక్షల సందడి మొదలగును. ఆరంబాక్కము నుండి చెన్నైకి గాని, ఎల్లకు ఆవలనున్న సూళ్లూరుపేటకు గాని రైలులో పోయివచ్చు విద్యార్థులకు ఆ ప్రయాణమే పఠనమందిరము. కర్తరి ఎండలు ముదురునాటికి వారు పుస్తకములు కట్టిపెట్టి, తాటిముంజెల వేళకు ఇల్లు చేరుదురు.

తెలుగు మాధ్యమమున చదివిన ఈ బిడ్డలకు కళాశాలలో పాఠము ఇంగ్లీషున, స్నేహము తమిళమున సాగును. తెలుగు చేతివ్రాత మెల్లగా మరుగున పడును. 2006 నాటి చట్టముతో తమిళనాట బడులలో తమిళము ఒకటవ తరగతి నుండి క్రమముగా నిర్బంధమైనది. ఈ నేల భాషను నేర్చుట మేలే. అయితే తల్లిభాషను నిలుపుకొను బరువు మన ఇండ్లపై పెరిగినది.

మద్రాసు విశ్వవిద్యాలయపు డిగ్రీలో మొదటి భాగపు భాషగా తెలుగును ఎంచుకొను వీలున్నది. అధ్యాపకులున్న కళాశాలలోనే అది సాధ్యము. ఏ కళాశాలలో ఆ వసతి యున్నదో, ప్లస్ టూ ముగించిన తమ్ములకు, చెల్లెండ్రకు చెప్పవలసినవారు సెలవులకు వచ్చిన అన్నలు, అక్కలే. దరఖాస్తుల కాలమూ ఈ వేసవియే. అడుగువారు లేనిచో ఆ తరగతులు మూతపడును. కావున ఈ సెలవులలో ఒక పూట అందులకు కేటాయింపవలెను.