డొక్క, ఊక, ఇంధన గుళిక
(రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాస పాఠము)



మన కొత్తపేట పరిసరములలో కొబ్బరిడొక్క, మట్ట, ఊక, వరిగడ్డి కొదువలేని వస్తువులు. వీనిని పొడిచేసి అచ్చులో నొక్కి గుళికలుగా అమ్మవచ్చునని విని, అప్పుచేసియైనను యంత్రము కొనవలెనని కొందరు యువకులు తలపోయుచున్నారు. ఆశకు ఆధారము లేకపోలేదు. బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములు నూటికి 5 పాళ్లు ఇట్టి గుళికలను కలిపి మండింపవలెనని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2021 అక్టోబరులో విధానము ప్రకటించినది. వదులుగా నున్న గడ్డి ఘనమీటరునకు 100 కిలోలైనను తూగదు. గుళికలు 600 కిలోలు తూగును. లారీ కిరాయి లెక్క మీకే తెలియును.

అయితే గుళిక నిలుచుట, రాలిపోవుట పొడి పరిమాణముపై ఆధారపడును. మన తల్లులకు ఈ సంగతి కొత్తది కాదు. జంతికల పిండిలో నూక మిగిలినచో గొట్టపు రంధ్రము పూడును. లేదా దిగిన జంతిక నూక ఉన్నచోటనే పుటుక్కున విరుగును. గుళికల యంత్రమును అట్టి గొట్టమే. ఉక్కు అచ్చులో 6 లేక 8 మిల్లీమీటర్ల రంధ్రములుండును. రాపిడి వేడికి మొక్కలోని లిగ్నిన్ అను సహజమైన జిగురు మెత్తబడి, చల్లారిన పిదప గట్టిపడి తునకలను పట్టియుంచును. తునక పెద్దదైనచో దాని అంచుననే పగులు పుట్టును. అందుచే 6 మిల్లీమీటర్ల గుళికకు 3, 4 మిల్లీమీటర్ల జల్లెడ వాడుట పరిపాటి.

అట్లయిన విభూతివలె నూరుదమా? అదియు తగదు. మెత్తన చేసినకొలది కరెంటు ఖర్చు పెరుగును. ధూళి ఊపిరికి చెరుపు. మూసిన కొట్టులో నిప్పురవ్వ తగిలిన పేలును. చిన్నాపెద్దా కలిసిన పొడియే మేలు. మేస్త్రీ కంకరలో ఇసుక కలుపునట్లు, పెద్ద తునకల సందులను చిన్నవి పూడ్చును.

మన డొక్కకు ఒక చిక్కు కలదు. పొడవైన పీచు నిలువుగా నిలిచి సన్నని జల్లెడనుండి కూడ జారిపోవును. కావున జల్లెడ సంఖ్యను నమ్మి మోసపోరాదు. ముందు డొక్కను అడ్డముగా పొట్టితునకలుగా నరికి, పిదపనే పొడిచేయవలెను. పీచునుండి రాలు పొట్టు తన బరువునకు ఎన్నో రెట్లు నీరు త్రాగును. గుళికకు తగిన తేమ నూటికి సుమారు 10 పాళ్లు. మన వానకాలమున ఆరబెట్టు చోటు లేనివాడు ఈ పనికి దిగరాదని నా అభిప్రాయము. ఊక స్వయముగనే చిన్నది గాని, అందు బూడిద నూటికి 20 పాళ్ల వరకు ఉండును. దానిలోని సిలికా అచ్చును అరగదీయును.

వరిగడ్డి జోలికి పోవలదని నా మనవి. గేదె తినునది గేదెకే ఉండనిండు.

యంత్రము అమ్మువారు గంటకు ఎన్ని కిలోలో చెప్పుదురే గాని, ఏ సరకునకో, ఏ జల్లెడతోనో చెప్పరు. ఆ ప్రశ్న మీరే అడుగుడు. బయానా ఇచ్చుటకు ముందు మీ డొక్కనే రెండు బస్తాలు పట్టుకొనిపోయి ఆడించుడు. చల్లారిన గుళికలు అరకిలో తూచి, మూతగల డబ్బాలో పోసి పది నిమిషములు దొర్లించి, రాలిన పొడిని మరల తూచుడు. జల్లెడలు మూడు, పొడి నమూనాలు పఠనమందిరపు బల్లపై ఉంచితిని. వెళ్లునపుడు చేతితో తాకి చూడుడు.