పార్టీ లేని ప్రజాప్రతినిధి టోనీ గ్రెగరీ

పార్టీ అండ లేని ఒక్క సభ్యుడు చట్టసభలో ఏం చేయగలడు? ఐర్లండ్ నేత టోనీ గ్రెగరీ జీవితమే దీనికి గట్టి జవాబు.

గ్రెగరీ 1947లో డబ్లిన్‌లో పుట్టారు. తండ్రి ఓడరేవు కార్మికుడు. గ్రెగరీ బడిలో పాఠాలు చెబుతూనే నగరం నడిబొడ్డున ఉన్న పేదపేటల కోసం పనిచేశారు. 1979లో నగరపాలక సంస్థకు, 1982 ఫిబ్రవరిలో పార్లమెంటు దిగువసభకు స్వతంత్రుడిగా ఎన్నికయ్యారు.

ఆ ఎన్నికల్లో ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు. ప్రధాని కావాలనుకున్న చార్లెస్ హాహీకి గ్రెగరీ మద్దతు కీలకమైంది. గ్రెగరీ తనకోసం పదవి అడగలేదు. తన ప్రాంతానికి ఇళ్లు, ఉద్యోగాలు, బడులు అడిగారు. హామీలు రాతపూర్వకంగా తీసుకుని, సభలోనే చదివి వినిపించారు. అదే ‘గ్రెగరీ ఒప్పందం’గా చరిత్రకెక్కింది. ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం కూలడంతో చాలా హామీలు నెరవేరలేదు.

అయినా గ్రెగరీ వెనక్కి తగ్గలేదు. హెరాయిన్ తన పేటలను కబళిస్తుంటే సభలో పదేపదే గొంతెత్తారు. మత్తుమందుల వ్యాపారుల ఆస్తులు జప్తు చేయాలని పట్టుబట్టారు. చివరికి 1996లో నేరార్జిత ఆస్తుల జప్తుకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. అంతకుముందే వీధి వ్యాపారుల పక్షాన నిరసనకు దిగి జైలుకూ వెళ్లారు.

2009 జనవరిలో కన్నుమూసేదాకా ఆయన తన పార్లమెంటు స్థానాన్ని ఎన్నడూ కోల్పోలేదు. అదే ఏడాది ఉపఎన్నికలో ఆయన రాజకీయ సహచరురాలు మౌరీన్ ఓసల్లివన్ కూడా స్వతంత్రురాలిగానే గెలిచారు. నమ్ముకున్న జనాన్ని వదలని నాయకుణ్ని జనమూ వదలరు.