ముగ్గు మనది, మ్యాపు ఎవరిది?

(జహీరాబాద్‌లో సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊర్లకు సర్వేలోళ్లు రావడం కొత్త కాదు. వస్తరు, చెట్టు కింద కూర్చోబెడతరు, ముగ్గుపిండితో ఊరు గీయమంటరు. వాడ ఎక్కడ, బాయి ఎవరిది, ఎవరింట్ల ఎన్ని నెలల తిండి ఉంటది, అన్నీ మనమే గీస్తం, గింజలు పెట్టి లెక్క చెప్తం. వాళ్లు కాగితం మీద ఎక్కించుకొని పోతరు. ఈ పద్ధతి ఎక్కడ్నుంచి వచ్చిందో, దీన్ని నడిపినోళ్లెవరో మనం తెలుసుకోవాలె.

దీంట్ల పెద్ద పేరు రాబర్ట్ చాంబర్స్‌ది. ఇంగ్లండు మనిషి. 1958లో తెల్లదొరల పాలన కింద కెన్యాల అధికారిగా కొలువు మొదలుపెట్టిండు. తర్వాత ఆ కొలువు విడిచి చదువుల్లోకొచ్చి, సస్సెక్స్‌లోని అభివృద్ధి అధ్యయన సంస్థలో పేరు తెచ్చుకున్నడు. చివరోళ్లను ముందు పెట్టాలని 1983లో ఒక పుస్తకం రాసిండు. అందులో తన తోటోళ్లనే నిలదీసిండు. పట్నం నుంచి కార్లల్ల వచ్చేటోళ్లు తారురోడ్డు పక్క ఊర్లే చూస్తరు, పెద్దమనుషులతోనే, మగోళ్లతోనే మాట్లాడుతరు, వానలు తగ్గినంకనే వస్తరు, ఆకలి కాలం వాళ్ల కంట పడదు అన్నడు. బొంబాయి రోడ్డు పక్క బతికే మనకు ఈ మాట వేరే చెప్పాల్నా? అయితే దీనికి మనం కులాన్ని కలిపి చదవాలె. పటేలు ఇంట్ల చాయ తాగినాయన మన వాడకు నడిచొచ్చేసరికి సగం రిపోర్టు మనసుల రాసుకొనే ఉంటడు.

1989 నుంచి 1991 దాకా చాంబర్స్ హైదరాబాదు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నడు. ముగ్గుల, గింజల పద్ధతి మన దేశంల పాకింది ఆ కాలంలనే. దాంతో మేలు జరగలేదని మనం అనం. 1990లలో ఇక్కడి డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్లు ఊరూర జొన్నల నిధి పెట్టిన్రు. ఎవరు ఎంత బీదోళ్లో, ఎవరికెన్ని జొన్నలో ఊరే కూర్చొని తేల్చింది. ఆఫీసుల కూర్చొని తేల్చే లెక్క కాదది.

మరి మనం చెప్పిన లెక్క పైసలిచ్చేటోళ్లకు ఎదురుపోతే ఏమైతది?

అది 2001 జూన్‌ల అల్గోల్‌ల జరిగిన ప్రజాతీర్పుల తేలింది. అప్పుడిది మెదక్ జిల్లా. చంద్రబాబు సర్కారు మెకిన్సీ కంపెనీతో రాయించుకున్న విజన్ 2020 ప్రకారం సాగు మీద బతికేటోళ్లు నూటికి 70 నుంచి 40కి తగ్గాలె. మిగిలిన 30 మంది ఎటు పోవాలె? బ్రిటన్ సర్కారు అభివృద్ధి శాఖ డిఎఫ్ఐడి ఈ రాష్ట్రానికి పైసలిస్తున్న రోజులవి. జ్యూరీల కూర్చున్నది చిన్న సన్నకారు రైతులు, అందుల ఆడోళ్లే ఎక్కువ. మూడు తొవ్వల మీద వీడియోలు చూసిన్రు, బయటి నుంచి వచ్చిన సాక్షులను రోజుల తరబడి అడిగిన్రు. మా చేతుల పని తీసేసే యంత్రాలు వద్దు, బీటీ పత్తి వద్దు, కాంట్రాక్టు సాగు వద్దు, తిండి మీద, విత్తనం మీద పెత్తనం ఊరిదే ఉండాలె అని తీర్పు చెప్పిన్రు.

2002లో రిపోర్టు అచ్చేసిన రెండు సంస్థల్ల ఒకటి చాంబర్స్ పనిచేసిన సస్సెక్స్ సంస్థే. పద్ధతి సరిగ లేదు, ఆధారాలు చాలవని డిఎఫ్ఐడి ఆ సంస్థల పెద్దలకు అభ్యంతరం చెప్పింది. ఆ సంస్థలకు పైసలిచ్చేదాన్ల డిఎఫ్ఐడి కూడ ఉన్నది! ఎవరి నిజం లెక్కకొస్తది అని అర్థమొచ్చే పేరుతో చాంబర్స్ 1997లో ఇంకో పుస్తకం వేసిండు. ఐదేండ్లు తిరక్కముందే ఆ ప్రశ్న ఆయన సంస్థ గడపలకే వచ్చింది. డిఎఫ్ఐడిని 2020ల విదేశాంగ శాఖల కలిపేసిన్రు. విజన్‌కు గడువు పెట్టుకున్న ఏడాదే అది.

ఇంక మన పని. సర్వేకు ఎవరొచ్చినా ముందే అడుగుదం. పైసలు ఎవరిస్తున్నరు? గీసిన కాగితం నకలు తెలుగుల సంఘం పెట్టెల పెడతరా? అచ్చుకు పోకముందు వాడకొచ్చి చదివి వినిపిస్తరా? వద్దన్నది వద్దనే రాస్తరా? దీనికి ఒప్పుకున్నోళ్లకే ముగ్గుపిండి తీద్దం.