ఓడిన వర్తకుని చిట్టా
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నాలుగు దినముల క్రిందట మా యింటికి వచ్చి, "మీరు భారతము చదివినవారు, సభలో దానినిగూర్చి నాలుగు మాటలు చెప్పవలెను" అని కోరిరి. నేను బడిలో చదివినది స్వల్పము. నిఘంటువును ప్రక్కన బెట్టుకొని ఈ గ్రంథాలయపు బల్లమీద చదువుటచేతనే భారతము నాకు కొంత యబ్బినది. అయినను ముప్పది యేండ్లుగా ఇతరుల జమాఖర్చులు వ్రాసి బ్రతుకువాడనగుటచే ఏ పర్వము తెరచినను నాకు లెక్కయే కనబడును. కావున భారతమునుండి ఒక లెక్కల కథ తీసికొని, దాని ఆసరాతో, వ్యాపారమున చెడినవాడు మరల ఎట్లు నిలువవలెనను విషయమును మనవి చేసికొందును.

ఈ విషయమే యేల యని మీరడుగవచ్చును. తిరుపతినుండి కాళహస్తికి పోవు బాట మీది మన యేర్పేడు వెనుకటివలె లేదు. 2015లో తిరుపతి ఐ.ఐ.టి. ఏర్పడినది, పిమ్మట దాని ప్రాంగణము మన ప్రక్కనే వెలసినది. దానిని నమ్ముకొని మన పిల్లలు అప్పులు చేసి భోజనశాలలు, బట్టల అంగళ్లు, ఫోన్ల అంగళ్లు తెరచిరి. కొన్ని నిలిచినవి, కొన్ని మూతబడినవి. తెరచిన అంగడికి రంగుకాగితములు కట్టుదురు గనుక అది అందరికిని కనబడును. మూసిన అంగడి కనబడదు. దాని కాగితములు మాత్రము సంచిలో పడి నాబోటివాని బల్లమీదికి వచ్చును. పేర్లు చెప్పను. ఆ సంచులు తెచ్చిన పిల్లలు పట్టపగలు రారు. దీపాలు పెట్టిన తరువాత వత్తురు. ఆ చీకటిని చూచియే నేడీ మాట చెప్పదలచితిని.

మన వైపు వ్యాపారము చెడినవానిని "వాడు ఐ.పి. పెట్టినాడు" అందురు. ఇన్సాల్వెన్సీ పిటిషను, అనగా దివాలా దరఖాస్తు, అనుదానికి అది పొట్టిరూపము. జనుల నోట బడి అది అప్పులెగవేసి పారిపోయినవానికి తిట్టుగా మారినది. చట్టము అట్లు తలపలేదు. 1920వ సంవత్సరపు ప్రాంతీయ దివాలా చట్టమును నేను ఆసాంతము చదివితిని. దివాలాదారుని ఆస్తిని రిసీవరు చేతికి తీసికొని అప్పులవాండ్రకు పంచవలెననియు, పిమ్మట ఆతడు విడుదల కోరవచ్చుననియు అందు గలదు. విడుదలకు ముందు న్యాయస్థానము చూడవలసిన సంగతులు కొన్ని చెప్పబడినవి. ఆస్తి విలువ అప్పులకు రూపాయికి అర్ధరూపాయి చొప్పుననైన సరిపోనిచో, అది తన తప్పువలన గాదని ఆతడు చూపవలెను. తెగించిన సట్టా బేరములవలననో, జూదమువలననో, దుబారావలననో చెడినాడా యని విచారింపవలెను. అన్నిటికంటె నా మనస్సునకు హత్తినది మరియొకటి. దివాలాకు ముందరి మూడేండ్లలో తన వ్యాపారమునకు తగిన లెక్కల పుస్తకములు ఉంచనివానికి, నిబంధనలు లేని విడుదల యీయరాదట! అనగా, నష్టపోవుటను చట్టము క్షమించినది. లెక్క లేకపోవుటను మాత్రము నిలదీసినది.

1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులోని 60వ సెక్షను ఇంకొక మెట్టు పైకి పోయినది. అప్పు తీర్పలేనివాని కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు జప్తు చేయరాదు. చేతిపనివాని పనిముట్లు ముట్టరాదు. సేద్యగానికి జీవనాధారమైన పనిముట్లు, పశువులు, విత్తనపు గింజలు విడువవలెను. ఇంటిలో ధాన్యమున్నను విత్తనములకు మాత్రము చేయి చాపవద్దన్నారు. వీడు మరల విత్తవలెనన్న తలంపు లేనిచో ఆ మాట అందుండదు గదా!

ఇక భారత కథ. 1926లో మలయాళస్వామివారు వ్యాసుని పేర ఆశ్రమము నెలకొల్పిన ఊరు మనది. ఆ వ్యాసుడు అరణ్యపర్వమున నలోపాఖ్యానమును పెట్టినాడు. జూదములో సర్వమును పోగొట్టుకొని అడవిలో కూర్చున్న ధర్మరాజునకు బృహదశ్వుడను ముని, తనవలెనే జూదములో రాజ్యము పోగొట్టుకొన్న మరియొకని కథ చెప్పెను. చెడినవానికి నీతులు చెప్పక, చెడి లేచినవాని కథ చెప్పుట ఆ ముని నేర్పు.

నలుడు పుష్కరునితో జూదమాడి ఓడినాడు. కలి తన్ను ఆవేశించెనని కవి చెప్పినాడు. భార్యను అడవిలో విడిచినాడు. కర్కోటకుని కాటుచే రూపము చెడి, బాహుకుడను పేర అయోధ్యలో ఋతుపర్ణునకు సారథియయ్యెను. దీనిని మనము కష్టముల చిట్టాగా చదివి కన్నీరు పెట్టుకొందుము. నాకు మిక్కిలి నచ్చినది మాత్రము తాండ్రచెట్టు ఘట్టము. రథము విదర్భకు పరుగెత్తుచుండగా ఋతుపర్ణుడు దారిలోని తాండ్రచెట్టును చూచి, దాని ఆకులు, కాయలు ఇన్నియని చెప్పెను. నలుడు రథము నాపి, చెట్టును కూలద్రోసి, కాయలు లెక్కించి చూచెను. లెక్క సరిపోయెను. రాజునకు పొద్దుపోవుచున్నదను తొందర. నలునకు మాత్రము లెక్క నేర్వవలెనను పట్టుదల. తనకు తెలిసిన అశ్వహృదయమును ఋతుపర్ణునకిచ్చెదనని, పాచికల మర్మమైన అక్షహృదయమును తాను గైకొనెను. ఆ విద్య లోనికి వచ్చినంతనే కలి నలుని శరీరమునుండి వెడలిపోయెనట. ఈ క్రమమును మీరు గమనింపవలెను. రాజ్యము వచ్చిన తరువాత కలి పోలేదు. భార్య కనబడిన తరువాతను గాదు. లెక్క వచ్చిన తోడనే పోయెను! పిమ్మటనే నలుడు నిషధకు పోయి పుష్కరుని మరల ఆటకు పిలిచెను. అన్నిటికంటె పెద్ద మాట, గెలిచిన పిదప ఆ పుష్కరుని క్షమించి పంపెను.

ఇంతవరకు పుస్తకపు మాట. ఇక నా మాట ఒకటి చెప్పవలెను. దానిని దాచి పైమాటలు చెప్పుట న్యాయము గాదు.

ఈ గ్రంథాలయము తెరచిన మూడవ యేట నేనును ఒక వ్యాపారము చేసితిని. కోతలవేళ వేరుశనగకాయలు కొని, నిలువచేసి, ధర పెరిగినపుడు అమ్మవలెనని నా యెత్తు. పెట్టుబడి అంతయు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము. వానకు గోదాము కారి కాయ బూజుపట్టెను. ధర పడిపోయెను. రెండు లక్షల పదునాలుగు వేల రూపాయల బాకీ నెత్తిమీద మిగిలెను. అప్పులవారి వీథి తప్పించి చెరువుకట్ట మీదుగా ఇల్లు చేరువాడను. సాయంకాలము ఈ గ్రంథాలయమునకు వచ్చి తలుపులు మూయువరకు కూర్చుండువాడను. ఇక్కడ బాకీ మాట ఎవరును అడుగరు. అదియే అప్పటి నా భారత పఠనమునకు మూలకారణము! ఎవరైన వ్యాపారమేమాయెనని అడిగిన "వాన ముంచినది" అని చెప్పువాడను. ఆరునెలలు అదే చెప్పితిని. చెప్పి చెప్పి నేనును నమ్మితిని.

తాండ్రచెట్టు ఘట్టము చదివిన రాత్రి నాకు సిగ్గు కలిగెను. ఊరివారి లెక్కలు కాణీ తప్పకుండ వ్రాయు నాకు, నా వ్యాపారమునకు ఒక్క పుస్తకమైన లేదు. మరునాడు తెల్లకాగితములు తెచ్చి, ఈ బల్లమీదనే, కొనుగోలు, బాడుగ, కూలి, వడ్డీ, అమ్మకము గుర్తున్నంతవరకు వ్రాసితిని. మూడు రాత్రులు పట్టెను. తీరా తేలినదేమనగా, వానవలన పోయినది నష్టములో నాలుగవ పాలు. తక్కిన మూడు పాళ్ళు నావే. రెండుమారులు న్యాయమైన ధర వచ్చినను ఆశచే అమ్మనైతిని. ఆ నెలలన్నియు వడ్డీ నడచినది. సరకులో సగమైన సొంత సొమ్ముతో కొనలేదు. నాకు పట్టిన కలి యెవరో ఆ కాగితముమీద కనబడెను.

ఆ కాగితమును అందరికంటె ఎక్కువ బాకీయున్న ఆసామికి చూపితిని. ఆయన కళ్ళజోడు పెట్టుకొని చివరివరకు చదివి, కొంతసేపు ఊరకుండి, "ఈ కాగితం ఆరునెల్లు ముందే తెచ్చింటే అప్పుడే వడ్డీ నిలిపేసిందును గదప్పా!" అనెను. ఆనాటినుండి వడ్డీ నిలిపెను. అసలు తీర్చుటకు నాకు ఏడేండ్లు పట్టినది. తీరిన తరువాత నేనును నా భార్యయు విత్తనపు కాయలు ఏరి, శుభ్రపరచి, రైతులకమ్ము చిన్న వ్యాపారము మొదలిడితిమి. చేతిలో ఉన్నంతకే కొందుము; ఏ రాత్రి లెక్క ఆ రాత్రి వ్రాయుదుము. అది నేటికిని నడచుచున్నది. పెద్దది కాలేదు. కాకపోయినను కొరతలేదు.

నావంటి చిన్నవాని మాట చాలదన్నచో, మన రాయలసీమవాడైన పెద్దవాని మాట చెప్పెదను. అదిగో, ఆ బీరువాలో కట్టకట్టి యుంచిన 'చందమామ' సంపుటములను మీ పిల్లలు నలిగిపోవువరకు చదివిరి. ఆ పత్రికను నెలకొల్పిన బి. నాగిరెడ్డిగారు 1912లో కడప జిల్లా పొట్టిపాడున జన్మించిరి. వారి కుటుంబమునకు బర్మాకు ఉల్లిగడ్డలు ఎగుమతి చేయు వ్యాపారముండెను. రెండవ ప్రపంచయుద్ధమున జపాను సేనలు 1942లో రంగూనును పట్టుకొనుటతో ఆ సముద్రవర్తకమే అంతరించెను. సరకు పండించు నేల ఇచ్చటనే యున్నది, కొనువాడు లేడు. నాగిరెడ్డిగారు మద్రాసున ముద్రణ వ్యాపారమున నిలిచిరి. 1947 జూలైలో చక్రపాణిగారితో కలసి 'చందమామ'ను వెలువరించిరి. 1950లో వారి విజయా సంస్థ 'షావుకారు' అను చిత్రమును తీసెను. పల్లెటూరి వడ్డీవ్యాపారి కథ అది. నావంటివాడు తప్పక చూడదగినది. దానికి మంచి పేరు వచ్చినది గాని పైకము అంతగా రాలేదు. చెడి లేచినవాడు మొదటి అడుగులోనే గెలువవలెనన్న నియమము లేదు. మరుసటి యేట, 1951లో, 'పాతాళభైరవి' వచ్చినది. దాని సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 1957లో 'మాయాబజారు', 1972లో మద్రాసున విజయా ఆసుపత్రి. 1980 తరువాతి తొలి యేండ్లలో ఆయన తిరుమల తిరుపతి దేవస్థానముల పాలకమండలికి అధ్యక్షులుగ నుండిరి. 2004లో పరమపదించిరి. 'చందమామ' నేడు వెలువడుట లేదు. ఏ వ్యాపారమును శాశ్వతము గాదు. ఉల్లిగడ్డల వ్యాపారము పోయినను, సరకు ఎరుగుట, మాట నిలుపుకొనుట, పనివాని విలువ కట్టుట అను విద్యలు సముద్రమున మునుగవు. ఆయనకు మిగిలిన విత్తనపు గింజలు అవియే.

లేచినవారి మాటలే చెప్పిన అది మోసమగును. తెలుగు చలనచిత్రమునకు పితామహుడని పిలువబడు రఘుపతి వెంకయ్యనాయుడుగారు ఊరూర చిత్రములు చూపి, మద్రాసున గెయిటీ చలనచిత్రశాల కట్టి, కుమారుడు ప్రకాశ్‌గారితో 1921లో 'భీష్మప్రతిజ్ఞ' తీయించి, ఆస్తియంతయు పోగొట్టుకొనిరి. ధనము తిరిగి రాకుండగనే 1941లో కన్నుమూసిరి. ఆయన వేసిన బాటలోనే పైవారందరును నడచిరి. కావున లెక్క వ్రాసికొన్నవాడెల్ల ధనవంతుడగునని నేననను. లెక్క వ్రాసికొన్నవాడు తలయెత్తి ఊరివీథిలో నడువగలడు. అంతవరకు నేను పూచీ.

కావున చెడిన పిల్లలకు నా మనవి మూడు మాటలు. కొత్త అప్పు అడుగుటకు ముందు పాత లెక్క ముగింపుడు. అందు దైవము చేసినదేది, మీరు చేసినదేది విడదీసి వ్రాయుడు. రెండవ వరుస నిడుపైనను జంకకుడు, ఏలయన దిద్దుకొనదగినది అదియే. ఆ కాగితమును అప్పులవాడు మిమ్ము వెదకి రాకముందే మీరు ఆయన యింటికి తీసికొని పొండు.

ఊరి పెద్దలకు ఒక్క మాట. మూసిన అంగడిముందు నడచునపుడు నవ్వకుడు. నవ్వువారి భయముననే పిల్లలు చెరువుకట్ట దారి పట్టుదురు. లెక్క చూపినవానికి గడువిండు. లెక్క చూపనివానిని లెక్క అడుగుడు. రెండును మేలే.

ఈ గ్రంథాలయము నాకొక బల్లను, దీపమును, ఎవరును ప్రశ్నింపని మూడు రాత్రులను ఇచ్చినది. ఆ ఋణము నా ఆవర్జాలో ఇంకను బాకీగానే యున్నది. దానిని తీర్చుటకు కార్యవర్గమువారి అనుమతితో ఒక యేర్పాటు చేసికొంటిని. ఇకమీదట ప్రతి ఆదివారము సాయంకాలము లోపలి గదిలో కూర్చుందును. మూసిన అంగడి కాగితములు ఎవరి యింట సంచిలో ఉన్నను తెండు. ఇద్దరము కలసి లెక్క వ్రాయుదము. రుసుము లేదు, మాట బయటికి పోదు. ఒక్కటే కోరిక. చీకటి పడకముందే రండు.